చెంగ్డూ పాండా బేస్: పూట సరిపోతుందా, రోజంతా పెట్టుకోవాలా?

గోదారిగట్టు:
అక్టోబరు చివరి వారంలో చైనాలోని చెంగ్డూలో మూడు రాత్రులు. నలుగురం: మోకాళ్ళ నొప్పులున్న అమ్మ, నాన్న, నేను, ఏడేళ్ళ పాప. ట్రావెల్స్‌వాళ్ళు ఇచ్చిన కాగితంలో పాండా బేస్‌కి (పాండాల పెంపకం, పరిశోధన కేంద్రం) 2 గంటలు, అదే రోజు మధ్యాహ్నం లెషాన్ ఊళ్ళో పెద్ద బుద్ధుడి విగ్రహం అని ఉంది. రెండు గంటలు చాలుతాయా? పాపకి పిల్ల పాండాలు కనబడాలి, ముఖ్యంగా హువా హువా అనే పేరున్న పాండా. మేం శాకాహారులం. తెలిసినవాళ్ళు లెక్కలతో చెప్పగలరు.

వెదురుపొద:
చాలవండీ. ముందు స్థలం ఎంతో చూడండి. 1987లో ఆరు పాండాలతో మొదలైన ఈ కేంద్రం మొన్నమొన్నటిదాకా సుమారు 100 హెక్టార్లు. విస్తరణ తరవాత ఇప్పుడు 307 హెక్టార్లు, అంటే దాదాపు 760 ఎకరాలు. మన హైదరాబాద్ నెహ్రూ జూ 380 ఎకరాలు. అలాంటివి రెండు పక్కపక్కన, అదీ ఎత్తుపల్లాలతో ఊహించుకోండి.

రెండు గంటల్లో ఏం పోతుందంటే: ద్వారం దగ్గర పాస్‌పోర్టు, బ్యాగు తనిఖీ 15 నుంచి 20 నిమిషాలు. బ్యాటరీ బండి కోసం లైను ఇంకో పావుగంట. తిరుగు దారికి కనీసం 25 నిమిషాలు. పెద్దవాళ్ళు, పాప ఉన్నారు కాబట్టి మరుగుదొడ్డికి రెండుసార్లు ఆగుతారు. మిగిలేది యాభై నిమిషాలు. అందులో మూడు ఆవరణలు చూస్తే గొప్ప. వాటిలో రెండింట్లో పాండా వీపు తిప్పి పడుకుని ఉంటే అంతే సంగతులు.

పాత భాగం మటుకే అయితే 4 గంటలు. పాత, కొత్త రెండూ అయితే 6 నుంచి 7. హువా హువా లైను దీనికి అదనం. లెషాన్‌ని ఇంకో రోజుకి మార్చెయ్యండి. చెంగ్డూ నుంచి వేగరైలు గంటే గానీ, అక్కడ మళ్ళీ మెట్లు, మళ్ళీ లైన్లు. మోకాళ్ళ నొప్పులవాళ్ళని ఒకే రోజు రెండు చోట్లకి తిప్పడం అన్యాయం.

పాతబస్తీ_బాబాయ్:
ఎన్ని గంటలు అన్నదాని కన్నా ఎన్నింటికి మొదలుపెడతారన్నది అసలు లెక్క. పొద్దున ఏడున్నర నుంచి పదకొండున్నర వరకు ఉన్న నాలుగు గంటలూ, మధ్యాహ్నం పన్నెండు నుంచి ఆరు వరకు ఉన్న ఆరు గంటలూ తూకం వేస్తే మొదటిదే బరువు.

కారణం పాండా పొట్ట. పాండాది మాంసాహారి పేగు, తినేది వెదురు. తిన్నదాంట్లో ఒంటికి పట్టేది 17 శాతం చుట్టుపక్కలే. అందుకని రోజుకి 12 నుంచి 38 కిలోల దాకా తింటుంది, రోజులో సగానికి పైగా తిండికే పోతుంది. తినడం, పడుకోవడం, మళ్ళీ తినడం. ఒక్కో కునుకు రెండు నుంచి నాలుగు గంటలు. పొద్దున తాజా వెదురు వేసినప్పుడు అన్నీ ఒకేసారి కూర్చుని నములుతాయి. పదిన్నర దాటితే ఒక్కొక్కటే చెట్టు కొమ్మ మీదికో అరుగు మీదికో చేరి పడుకుంటుంది. సాయంత్రం ఇంకోసారి కదలిక ఉంటుంది గానీ పొద్దుటంత గ్యారంటీ లేదు.

ఇందులోంచి పనికొచ్చే సూత్రం: మీరు వెళ్ళేసరికి పాండా పడుకుని ఉంటే అక్కడ నిలబడి ఎదురుచూడకండి. అరగంటలో లేవదు. పక్క ఆవరణకి వెళ్ళిపోయి, తిరుగు దారిలో మళ్ళీ చూడండి. తింటూ కనిపిస్తే మాత్రం తొందరపడకండి, 15 నిమిషాలు అక్కడే ఉండండి. వెదురు కాండం పై పొర పళ్ళతో ఒలిచి పక్కన పడేసి లోపలి గుజ్జు తినే తీరు చూడాల్సిందే. మన ఏజెన్సీ ఊళ్ళలో వెదురు కొమ్ముల కూరకి పై పొట్టు ఒలిచే చేతులు గుర్తొస్తాయి.

కొండపల్లిబొమ్మ:
ఎండ సంగతి కూడా కలపండి. 26 డిగ్రీలు దాటితే వాటిని ఆరుబయట ఉంచరు, లోపల ఏసీ గదుల్లోకి తీసుకెళ్తారు. అప్పుడు అందరూ అద్దం ముందుకి చేరతారు, అద్దం మీద వెలుగు పడి ఫోటో రాదు, వెనకనుంచి తోపుడు. జులై, ఆగస్టుల్లో పొద్దున తొమ్మిదికే ఇది మొదలైపోవచ్చు. వేసవి సెలవుల్లో రోజంతా టైము పెట్టుకుని వెళ్ళేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. ఆ రెండు నెలల్లో మూడు గంటలకి మించి పెట్టుకోవడం దండగ.

గోదారిగట్టు గారూ, మీది అక్టోబరు చివర. చెంగ్డూలో అప్పటికి చల్లబడుతుంది, రోజంతా బయటే ఉంటాయి. జాతీయ దినోత్సవం సెలవులు (అక్టోబరు 1 నుంచి 7) కూడా అయిపోతాయి. మంచి వారమే దొరికింది మీకు. సన్నటి జల్లు మాత్రం ఎప్పుడైనా పడుతుంది. గొడుగు కన్నా టోపీ ఉన్న రెయిన్‌కోటు మేలు, జనంలో గొడుగు విప్పితే వెనకవాళ్ళు ఊరుకోరు.

సన్నజాజి:
పిల్ల పాండాల గురించి ఎవరూ చెప్పలేదు. పాప ఆశపడేది దానికే కాబట్టి వివరంగా రాస్తున్నా.

ఏటా పిల్లలు పుట్టేది ఎక్కువగా జులై నుంచి సెప్టెంబరు మధ్య. పుట్టినప్పుడు దాదాపు 100 గ్రాములు, గులాబీ రంగు, బొచ్చు ఉండీ లేనట్టు. తల్లి చూస్తే వంద కిలోలు. నెల తిరిగేసరికి నలుపు తెలుపు మచ్చలు స్పష్టంగా వస్తాయి. మూడు నాలుగు నెలలకి తడబడుతూ నడక. చెట్టెక్కడం, ఒకదాన్నొకటి తొయ్యడం లాంటివి ఆరో నెల దగ్గరపడ్డాకే.

కాబట్టి ఆగస్టులో వెళ్తే అద్దం వెనక ఇంక్యుబేటర్‌లో ఎలుకపిల్లంతది పడుకుని ఉంటుంది. పిల్లలకి అది పాండాలా అనిపించదు, ఏడుపు మొహం పెడతారు. మీరు వెళ్ళేసరికి ఆ ఏటి పిల్లలకి నెల నుంచి నాలుగు నెలలు. నలుపు తెలుపు ఉంటుంది, పొట్ట మీద పాకడం ఉంటుంది. గంతులు చూడాలంటే ఆ ఏటి పిల్లల్ని కాదు, కిందటేడు పుట్టినవాటిని వెతకండి. ఏడాది నుంచి మూడేళ్ళ లోపు పాండాలున్న ఆవరణల్లో పది నిమిషాలకి ఒక కుస్తీ ఖాయం. మీ సమయంలో మూడోవంతు అక్కడ పెట్టండి. పెద్ద పాండాలు ఒక్కొక్కటే విడిగా ఉంటాయి, తిండి తప్ప వేరే వినోదం ఉండదు.

పిల్లల్ని చూసే ప్రసూతి గదులు (సూర్య, చంద్ర అని పేర్లు) పాత భాగంలో ఉన్నాయి, దక్షిణ ద్వారం నుంచే దగ్గర. కవలలు పుడితే తల్లి సాధారణంగా ఒకదాన్నే చూసుకుంటుంది. అందుకని సిబ్బంది ఒకదాన్ని తల్లి దగ్గర, ఇంకోదాన్ని ఇంక్యుబేటర్‌లో పెట్టి, వంతులవారీగా మారుస్తారు. మీరు వెళ్ళిన నిమిషానికి అద్దం వెనక ఖాళీగా కనిపిస్తే నిరాశపడి వెళ్ళిపోకండి. గంట తరవాత ఇంకోసారి తొంగి చూడండి.

కృష్ణాతీరం:
పైన దక్షిణ ద్వారం మాటే వచ్చింది, ఒక్క మాట తేడాగా చెప్తా. పశ్చిమ ద్వారం వైపు కొత్త భాగం ఖాళీగా ఉంటుంది. వెదురు కొమ్ము ఆకారంలో కట్టిన పాండా టవర్ అటే. దారులు వెడల్పు, పిల్లల బండి సాఫీగా పోతుంది, ఆవరణలు పెద్దవి. నవంబరు నుంచి మార్చి దాకా, ఎండ బెడద లేనప్పుడు, రోజంతా ఉండేవాళ్ళకి నా సలహా: పొద్దున దక్షిణం నుంచి లోపలికి, మధ్యాహ్నం బ్యాటరీ బండిలో కొత్త భాగానికి, సాయంత్రం పశ్చిమం నుంచి బయటికి. వచ్చిన దారినే మళ్ళీ నడిచే పని తప్పుతుంది. పూట సరిపోతుందనేవాళ్ళు ఎక్కువమంది కొత్త భాగం చూడకుండా చెప్తున్నారు.

వెదురుపొద:
కృష్ణాతీరం గారు చెప్పిన దారి మంచిదే, కానీ ఆవరణలు పెద్దవంటే పాండా దూరంగా ఉంటుందని కూడా అర్థం. బైనాక్యులర్స్ లేకపోతే కొత్త భాగంలో సగం సమయం చెట్ల మధ్య తెల్లటి ముద్దని వెతకడానికే పోతుంది. ఏడేళ్ళ పాపతో మొదటిసారి అయితే పాత భాగం నాలుగు గంటలకే నా ఓటు. ఓపిక మిగిలితే కొత్తది.

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలు. హువా హువా లైను సంగతేంటి? అమ్మ అంతసేపు నిలబడలేదు.

పాతబస్తీ_బాబాయ్:
హువా హువా అసలు పేరు హె హువా, 2020 జులై 4న పుట్టింది, కవల తమ్ముడు హె యె. పొట్టి కాళ్ళు, గుండ్రటి ఒళ్ళు, నింపాది నడక. చైనాలో సినిమా తారకున్నంత గిరాకీ. ఆ లైను తిరుమల సర్వదర్శనం లాంటిదే: గంటలు నిలబడితే కొద్ది నిమిషాల దర్శనం, ఆ తరవాత "జరగండి జరగండి". మామూలు రోజు తెరిచిన వెంటనే వెళ్తే అరగంట, ముప్పావుగంట. సెలవు రోజుల్లో రెండు గంటలు దాటుతుంది. అక్కడ గట్టిగా మాట్లాడనివ్వరు, మీ వంతు కాగానే పంపించేస్తారు.

అందుకని ఇది ముందే తేల్చుకోవాల్సిన పని. హువా హువా కావాలంటే ద్వారం తెరవగానే నేరుగా అక్కడికే, మిగతావన్నీ తరవాత. తొమ్మిదిన్నరకి చేరి లైనులో నిలబడితే పొద్దుటి తిండి వేళ మొత్తం లైనులోనే పోతుంది. మిగతా పాండాలన్నిటి ఆట పోగొట్టుకుని ఒక్క పాండా వీపు చూసినట్టు. ఆ రోజు బయటికి వదిలారా, ఏ ఆవరణ అన్నది ద్వారం దగ్గర బోర్డులో ఉంటుంది, అది చూశాకే కదలండి. మీ ఇంటివాళ్ళు రెండుగా విడిపోవచ్చు. మీరూ పాపా లైనులోకి, పెద్దవాళ్ళు పక్కనే ఉన్న ఇంకో ఆవరణ దగ్గర బెంచీ మీదికి. కలిసే చోటు ముందే ఫోటో తీసి పెట్టుకోండి, చైనీసు బోర్డుల పేర్లు ఫోన్లో చెప్పుకోవడం అయ్యే పని కాదు.

కొండపల్లిబొమ్మ:
మోకాళ్ళ నొప్పులకి: లోపల బ్యాటరీ బండికి మనిషికి 30 యువాన్లు. టిక్కెట్టు 55 యువాన్లు, దానికి ఇది వేరే. బండి ఆవరణ గుమ్మందాకా రాదు, స్టాపుల దగ్గర దింపుతుంది, అక్కడినుంచి కొంత ఎక్కుడు నడవాలి. సందర్శకుల కేంద్రంలో చక్రాల కుర్చీ అడగండి. పాత భాగంలో వాలు దారులున్నాయి, కుర్చీ తోసేవాళ్ళకి చేతుల్లో బలం కావాలి. బండీ, కుర్చీ రెండూ లేకుండా పాత భాగం పూర్తిగా తిరిగితే అయిదారు కిలోమీటర్లు సులువుగా అవుతుంది. అమ్మగారికి చంద్ర ప్రసూతి గది, దాని చుట్టుపక్కల రెండు మూడు ఆవరణలు, ఎర్ర పాండాలు, అంతే పెట్టుకుంటే రెండున్నర గంటల్లో హాయిగా అయిపోతుంది.

ఎర్ర పాండాల దగ్గర అరగంటకి తక్కువ చెయ్యకండి. అక్కడ కొన్ని నడకదారికి అడ్డంగా మనుషుల మధ్యనుంచే పోతాయి. పాప చెయ్యి చాపకుండా చూసుకోండి, కొరుకుతాయి, గీరుతాయి. పేరులో పాండా ఉంది గానీ పెద్ద పాండాకి దగ్గరి చుట్టం కాదు, దాని కుటుంబమే వేరు.

సన్నజాజి:
టిక్కెట్ల దగ్గర మనవాళ్ళు ఇరుక్కునే చోట్లు:

టిక్కెట్టు పేరుమీద, పాస్‌పోర్టు నంబరు మీద ఉంటుంది. ద్వారం దగ్గర అప్పటికప్పుడు కొనుక్కుందాం అనుకుని వెళ్ళకండి. పొద్దుటి టిక్కెట్టు, మధ్యాహ్నం టిక్కెట్టు వేరు. పొద్దుటిదైతే పన్నెండులోపు లోపలికి వెళ్ళాలి, వెళ్ళాక మూసేదాకా ఉండొచ్చు. తెరిచే సమయం వేసవిలో ఏడున్నర, చలికాలంలో ఎనిమిది. మీ తేదీకి ఏదో బుక్ చేసేటప్పుడు చూసుకోండి.

చైనావాళ్ళు వీచాట్ అనే మెసేజింగ్ యాప్‌లో కొంటారు. ఇండియాలో వీచాట్ 2020 నుంచి నిషేధం, ఇక్కడినుంచి దాన్ని నమ్ముకోకండి. ట్రిప్ డాట్ కామ్‌లో పాస్‌పోర్టుతో కొనొచ్చు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి కొందరికి ఖాళీగా ఉంటుంది, కొందరికి ఇంటిపేరు, పేరు కలిసి ఒకే గడిలో ఉంటాయి. ఏజెంటు దాన్ని తన ఇష్టానికి విడగొట్టి కొట్టేస్తాడు. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే, నంబరు ఒక్కో అంకె సరిచూసి కొట్టమనండి. పాపకి కూడా పాస్‌పోర్టు వివరాలు ఇవ్వాలి. ఆ రోజు అసలు పాస్‌పోర్టులే తీసుకెళ్ళండి, ఫోటో చూపిస్తే ఆపుతారు.

పాండాని ఎత్తుకుని ఫోటో అని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే నమ్మకండి. అది ఆగిపోయి చాలా ఏళ్ళయింది.

కృష్ణాతీరం:
వెళ్ళే దారి: మెట్రో 3వ లైన్‌లో పాండా అవెన్యూ స్టేషన్, అక్కడినుంచి బస్సు. ఊరి నడిబొడ్డు చున్షీ రోడ్డు దగ్గర బస అయితే మెట్రో, బస్సు కలిపి గంట వేసుకోండి. నలుగురున్నారు కాబట్టి టాక్సీయే నయం, పొద్దున ట్రాఫిక్ లేకపోతే అరగంట, నలభై నిమిషాలు. డ్రైవరుకి దక్షిణ ద్వారం అని చైనీసులో రాసింది చూపించండి. చెప్పకపోతే పశ్చిమ ద్వారం దగ్గర దింపేసి పోతారు, రెండింటికీ మధ్య దూరం తక్కువ కాదు. యూపీఐ పనిచెయ్యదు. అలీపే అనే చైనా చెల్లింపుల యాప్‌లో వీసా లేదా మాస్టర్‌కార్డు ముందే ఇంట్లో కూర్చుని కలుపుకుని రండి, ఓటీపీ వచ్చే సిమ్ ఆన్‌లో ఉండాలి. గూగుల్ మ్యాప్స్‌ని నమ్ముకోవద్దు.

భోజనానికి లోపల ఆశ పెట్టుకోకండి. పదకొండున్నరకి బయటపడి వెన్షు బౌద్ధ మఠానికి వెళ్ళండి, అక్కడ పూర్తి శాకాహార భోజనశాల ఉంది, మెట్రో 1వ లైన్ స్టేషన్ పేరు కూడా అదే. మఠం ఆవరణలో పెద్దవాళ్ళు చెట్ల కింద కూర్చోవచ్చు. పొద్దున పాండాలు, మధ్యాహ్నం వెన్షు, ఒక రోజుకి ఇది చాలు.

బోధన్_బస్సు:
మధ్యలో దూరుతున్నా. చెంగ్డూ టియాన్‌ఫు విమానాశ్రయంలో 9 గంటల ఆగుడు ఉంటే పాండా బేస్ చూసి రావొచ్చా?

వెదురుపొద:
ముందు వీసా. మారు విమానం కోసం ఆగేవాళ్ళకి చైనా ఇచ్చే 240 గంటల వీసా మినహాయింపు జాబితాలో భారత పాస్‌పోర్టు లేదు. వీసా చేతిలో ఉందనుకునే ఈ లెక్క: దిగి ఇమిగ్రేషన్ దాటడానికి గంట, గంటన్నర. టియాన్‌ఫు ఊరికి 50 కిలోమీటర్ల దూరం, బేస్ ఏమో ఊరికి అవతలి కొసన, ఈశాన్యంలో. మెట్రోలో మారుతూ పోతే రెండు గంటలు, టాక్సీలో గంటంబావు. తిరిగి రావడం అంతే. విమానానికి మూడు గంటల ముందు ఉండాలి. టాక్సీలో పోయినా మిగిలేది రెండు గంటలు. అది కూడా పొద్దున ఆరు లోపు దిగితేనే పనికొస్తుంది. మధ్యాహ్నం దిగితే పడుకున్న పాండాలకి టాక్సీ డబ్బులు తగలెయ్యడమే. 12 గంటలు ఉంటే ఆలోచించండి.

సెరంగూన్_వీధి:
బోధన్ గారూ, ఆగుడు సింగపూర్‌లో పెట్టుకోగలిగితే అక్కడి రివర్ వండర్స్ జంతువుల పార్కులో కాయ్ కాయ్, జియా జియా అనే పాండాలున్నాయి, 2012 నుంచి. ఉన్నవి రెండే. వాటి పిల్ల లె లె 2024 జనవరిలో చైనా వెళ్ళిపోయింది. లోపల చల్లగా ఉంచిన హాలు, మన ఎండలతో సంబంధం లేదు కాబట్టి ఏ నెలైనా ఒకటే. పాండా హాలుకి అరగంట, పార్కు మొత్తానికి రెండున్నర, మూడు గంటలు. పదింటికి తెరుస్తారు, తెరవగానే పాండాల దగ్గరికి నడిచి, నదుల చేపలు తరవాత చూడండి. పడవ ప్రయాణానికి పిల్లల ఎత్తు 1.06 మీటర్లు ఉండాలి, అది కుదరక గేటు దగ్గర ఏడ్చే పిల్లలు ఎక్కువ.

పాతబస్తీ_బాబాయ్:
వీసా గొడవే వద్దనుకునేవాళ్ళకి డార్జిలింగ్ ఉంది. పెద్ద పాండాలు మన దేశంలో ఏ జూలోనూ లేవు. ఎర్ర పాండాలకి మాత్రం డార్జిలింగ్ జూ పేరున్న చోటు, 1958లో పెట్టారు, 67.5 ఎకరాలు, ఏడు వేల అడుగుల ఎత్తు. దాని పేరు పద్మజా నాయుడు హిమాలయన్ జూ. మన హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు గారి అమ్మాయే, పశ్చిమ బెంగాల్ గవర్నరుగా చేశారు. రెండు గంటలు జూకి, ముప్పావుగంట అదే ఆవరణలో ఉన్న పర్వతారోహణ సంస్థ మ్యూజియానికి. గురువారం మూసేస్తారు, డార్జిలింగ్‌లో ఉన్న ఒక్క రోజూ గురువారమై వెనక్కి తిరిగేవాళ్ళు బోలెడంత మంది. దారి మొత్తం ఎక్కుడే. ఎర్ర పాండాలు చలికి హుషారు, పొద్దున్నే వెళ్తే కింద తిరుగుతుంటాయి, ఎండెక్కితే కొమ్మ మీద తోక చుట్టుకుని పడుకుంటాయి. ఇక్కడా అదే సూత్రం.

సన్నజాజి:
చెంగ్డూకే వచ్చి జనం వద్దనుకునేవాళ్ళు దుజియాంగ్యాన్ వైపు చూడండి. అక్కడి పాండా కేంద్రం చిన్నది, మూడు గంటల్లో అయిపోతుంది, హువా హువా లేదు కాబట్టి లైను కూడా లేదు. చెంగ్డూలోని షీపూ స్టేషన్ నుంచి రైలు అరగంట. అదే రోజు మధ్యాహ్నం క్రీస్తుపూర్వం 256 నాటి దుజియాంగ్యాన్ నీటిపారుదల కట్టడం చూడొచ్చు. నదికి అడ్డంగా ఆనకట్ట లేకుండా ప్రవాహాన్నే రెండుగా చీల్చి పొలాలకి మళ్ళించారు. ధవళేశ్వరం చూసినవాళ్ళకి ఈ తేడా భలే పట్టుకుంటుంది. వోలాంగ్‌లో షెన్‌షుపింగ్ పాండా కేంద్రం ఇంకా చల్లని చోటు, 2008 భూకంపంలో పాతది దెబ్బతిన్నాక కట్టినది. కొరియా నుంచి 2024లో వచ్చిన ఫూ బావో అనే పాండా ఉండేది అక్కడే. కానీ కొండదారిలో పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. దానికి రోజంతా తప్పదు.

గోదారిగట్టు:
ఇలా అనుకుంటున్నా, తప్పులుంటే చెప్పండి. శనివారం: 6:30కి హోటల్, 7:15కి దక్షిణ ద్వారం. తెరవగానే నేనూ పాపా హువా హువా లైనులోకి, అమ్మానాన్నా పక్క ఆవరణ దగ్గర. 8:45కి అందరం ఏడాది పిల్లల దగ్గర, 9:45కి ప్రసూతి గది, 10:30కి ఎర్ర పాండాలు, 11:15కి ఇంకోసారి ప్రసూతి గది, 11:45కి బయటికి, వెన్షులో భోజనం. లెషాన్ సోమవారానికి మార్చాం.

పాతబస్తీ_బాబాయ్:
శనివారం ఒక్కటే తప్పు. దాన్నీ లెషాన్‌నీ తారుమారు చెయ్యండి, సోమవారం హువా హువా లైను సగానికి సగం తగ్గుతుంది. ఇంకోటి, ఏడాది పిల్లల్ని 8:45 దాకా ఆపకండి. హువా హువా లైను మొదట్లోనే అరగంట దాటేలా కనిపిస్తే దాన్ని వదిలేసి నేరుగా అటే పోండి. పాపకి ఆ మాట ముందురోజు రాత్రే చెప్పి ఒప్పించి పెట్టండి.

కొండపల్లిబొమ్మ:
పాపకి బిస్కెట్లు ఉంచండి, కానీ ఆవరణల దగ్గర బయటికి తియ్యకండి. పిల్లలు సరదాకి ఒకటి లోపలికి విసిరారంటే మాటలతో పోదు. అలా విసిరినవాళ్ళకి జీవితాంతం ప్రవేశం లేకుండా చేసిన సందర్భాలున్నాయి అక్కడ.